ప్రతి బస్సుకూ ఒక బ్యాక్‌ప్యాకర్ కావాలి

ప్రతి బస్సులోనూ కనీసం ఒక విదేశీ బ్యాక్‌ప్యాకర్ ఉండి తీరాలని చట్టం చేయాలి! బ్రేకులు లేకపోయినా ఫరవాలేదు, డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా ఫరవాలేదు. వీపున బ్యాగు, నెత్తిన ఉన్ని టోపీ, చేతిలో మ్యాపు ఉన్న తెల్లమనిషి ఒక్కడు లేకుండా బస్సు స్టాండు దాటకూడదు.

నవ్వకండి. ఒరురో ఊరి నుంచి పొటోసీకి కొండదారిన ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు తోలిన సతుర్నీనోను చెబుతున్నాను. మోకాలు మొరాయించాక స్టీరింగు వదిలేసి, దారి మధ్యలో పుకామాయు ఏటిగట్టున, మా ఆవిడ పెట్రోనా సూపు అంగడిలో కూర్చుని ఈ పేపరుకు నాలుగు ముక్కలు రాస్తున్నాను. బ్యాక్‌ప్యాకర్ల గురించి నాకు తెలిసినంత వాళ్లను కన్న తల్లులకు కూడా తెలియదు.

మీ ఫిర్యాదులన్నీ నాకు కంఠతా వచ్చు. వాడు వెనక్కి తిరిగితే బ్యాగు తగిలి మూడు వరసల జనం టోపీలు ఎగిరిపోతాయి. నాలుగు వేల మీటర్ల ఎత్తున, పళ్లు టకటకలాడే చలిలో, గాలి ఆడటం లేదంటూ కిటికీ తెరుస్తాడు. బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందని అడుగుతాడు. నిండాక బయల్దేరుతుందంటే, ఎన్నింటికి నిండుతుందని అడుగుతాడు! ఒకమ్మాయయితే పక్కావిడ పెంచుకునే పొడుగు మెడ లామా పిల్లను దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని లాలిపాట పాడింది. ఇక్కడ దిగి, సూపు లొట్టలేసుకుంటూ తాగి, ఇందులో ఏం మాంసం వేశారని పెట్రోనాను అడిగింది. మా ఆవిడకు అబద్ధమాడటం చేతకాదు. ఆ పిల్ల రెండు రోజులు ఏమీ తినలేదు.

ఇంకో విడ్డూరం. మా ఆడవాళ్లు రంగురంగుల అగ్వాయో దుప్పటిలో దుంపల బస్తానో చంటిపిల్లనో మూటగట్టి వీపుకు వేసుకుని రోజూ కొండలెక్కి దిగుతారు. దాన్ని ఎవరూ యాత్ర అనలేదు. అదే పని నైలాను సంచితో చేస్తే సాహసమట. సరే, పోనీయండి. నేను వాళ్లను తిట్టడానికి కూర్చోలేదు, పొగడటానికి కూర్చున్నాను.

మా ఏటి మీద ఒక బ్రిడ్జి ఉండేది. రెండేళ్ల కిందటి వానలకు కొట్టుకుపోయింది. రోడ్డూ మేమూ ఇవతల, ఆరోగ్య కేంద్రమూ నర్సూ అవతల. ఎండాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని దాటొచ్చు. వానలొస్తే ఎద్దును కూడా లాక్కుపోయే ఏరు అది. మా అమ్మాయి రెయినాల్దాకు ఎనిమిదో నెల వచ్చింది, వానలకు నెల కూడా లేదు. నాకు రోజంతా అదే భయం. అర్జీలు పంతొమ్మిది పెట్టాం. ఒక ఇంజినీరు వచ్చి, బ్రిడ్జి లేని చోటును అన్ని వైపుల నుంచీ ఫొటో తీసుకుని, రెండు గిన్నెల సూపు తాగి వెళ్లాడు.

ఇక మాకు తెలిసిన మార్గం ఒక్కటే. రోడ్డుకు అడ్డంగా బండలు పేర్చి రాస్తారోకో చేశాం. ఎండాకాలం, వానాకాలం లాగే రాస్తారోకో కూడా మా దేశంలో ఒక కాలం. ఎవరికీ కోపం రాదు. ప్రయాణికులు బస్సు దిగి, మూటలు వీపున వేసుకుని, బండలు దాటి, పన్నెండు కిలోమీటర్లు నడిచి అవతలి ఊళ్లో ఇంకో బస్సెక్కుతారు. దాటేటప్పుడు మాకు నమస్కారం కూడా పెడతారు.

తొమ్మిది రోజులు కూర్చున్నాం. ఈగ కూడా వాలలేదు. నేను రాసే ఈ పేపరుకే ఫోను చేస్తే, ఆఫీసులో అబ్బాయి, "సతుర్నీనో గారూ, అక్కడ విదేశీయులెవరైనా చిక్కుకున్నారా?" అన్నాడు.

"లేదయ్యా. మనవాళ్లు రెండొందల మంది ఉన్నారు."

"అయ్యో! అయితే వాతావరణం పక్కన రెండు లైన్లు వేస్తాలెండి."

పదో రోజు దేవుడు కరుణించాడు. ఇల్సా అనే అమ్మాయి, ఆమె స్నేహితుడూ బస్సు దిగారు. డచ్చివాళ్లు. కొండంత ఎర్ర బ్యాగులు. వాళ్లు చిక్కుకున్నారని అంటే నా కళ్లు పోతాయి. బండ మీద బాసింపట్టు వేసుకుని సూపు తాగారు, రెయినాల్దాతో పేకాడి ఓడిపోయారు. బ్రిడ్జి కథ విని, 'మేం కూడా రాస్తారోకోలో ఉన్నాం' అని ఫొటో తీసి వాళ్ల ఊరికి పంపారు.

అంతే! నాలుగు గంటల్లో రెండు జీపులు, ఒక అంబులెన్సు, దుప్పట్లతో ఒక హెలికాప్టరు! మా జన్మలో చూడని హెలికాప్టరు! దాని గాలికి పెట్రోనా సూపు గంగాళం మూత ఎగిరి ఏట్లో పడింది. ఒక అధికారి పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడ? ఎక్కడున్నారు వాళ్లు?"

"ఎవరు బాబూ? మేం పది రోజుల్నించీ ఇక్కడే ఉన్నాంగా!" అంది పెట్రోనా.

"మీరు కాదమ్మా, చిక్కుకున్నవాళ్లు!"

డాక్టరు ఇద్దరికీ బీపీ చూశాడు. పక్కనే ఉన్న రెయినాల్దా కూడా చెయ్యి చాపింది. "ఇది అత్యవసరం వాళ్లకమ్మా, అడ్డు లేవండి," అన్నాడాయన, ఆమె పొట్టకేసి చూస్తూనే. ఇల్సా ఎర్రబడిపోయి, "నాకేం జబ్బు లేదు, నా బదులు ఈవిణ్ణి తీసుకెళ్లండి," అని వచ్చీరాని భాషలో గొడవపడింది. ఎవరు వింటారు? ఇద్దర్నీ పూలబుట్టను ఎత్తినంత జాగ్రత్తగా ఎత్తి హెలికాప్టర్లో కూర్చోబెట్టారు. ఆ పిల్ల తన బ్యాగును రెయినాల్దా కాళ్ల దగ్గరకు విసిరేసి, ఉంచుకో అని అరిచింది. జీపులు దారి చేసుకోవడానికి మా బండలు పక్కకు తోశాయి. బ్రిడ్జి సంగతి చూస్తామన్నారు.

వారం చూశాం. తర్వాత ఊరు ఊరంతా సమావేశమై శాస్త్రీయంగా ఆలోచించింది. మనం అరిచాం, రాలేదు. అర్జీలు పెట్టాం, రాలేదు. బ్యాగు వచ్చింది, హెలికాప్టరు వచ్చింది. అంటే మహత్తు బ్యాగులో ఉంది! మా ఊళ్లో ఏ బాధ్యతైనా ఇంటింటికీ వంతుల వారీగా తిరుగుతుంది. కాలవకు నీళ్లు వదలడం వంతు, గుడి తాళంచెవి వంతు. ఇప్పుడు బ్యాక్‌ప్యాకర్ వంతు కూడా పెట్టాం.

మొదటి వంతు పెద్దాయన ఫొర్తునాతోకు పడింది. వయసు అరవై ఎనిమిది. ఎర్ర బ్యాగు నిండా ఎండు దుంపలు కూరి, నల్ల కళ్లద్దాలు పెట్టి, మళ్లీ పేర్చిన బండల మీద నిలబెట్టాం.

"వీపు విరిగిపోతోంది సతుర్నీనో. ఎంతసేపు నిలబడాల్రా?"

"జీపు వచ్చేదాకా. విసుగు మొహం పెట్టు, మ్యాపు తిరగేసి పట్టుకో."

నేనే ఆ అధికారి ఆఫీసుకు ఫోను చేశాను. పుకామాయులో ఒక బ్యాక్‌ప్యాకర్ చిక్కుకున్నాడని చెప్పాను. అందులో అబద్ధం ఏముంది? గంటన్నరలో జీపు వచ్చింది! ఊరంతా చప్పట్లు! ఆ అధికారే దిగాడు, బ్యాగు చూసి ఆనందించాడు, కళ్లద్దాల కింది మొహం చూసి ఆగిపోయాడు.

"ఏ దేశం?"

"ఈ దేశమే సారూ," అన్నాడు ఫొర్తునాతో, టోపీ తీసి.

అధికారి గిరుక్కున తిరిగి జీపెక్కాడు. వెనక్కి తిప్పేటప్పుడు కిటికీ దించి, తప్పుడు సమాచారం ఇస్తే కేసు పెడతానని నాకు చెప్పాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది పెట్రోనా. "ముప్ఫై ఒక్క ఏళ్లు అందర్నీ గమ్యం చేర్చావట! కన్నకూతుర్ని ఏరు దాటించలేవా?"

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

వానలు ముందే వచ్చాయి, మనవరాలు కూడా ముందే వచ్చింది. మిట్టమధ్యాహ్నం, సూపు అంగడిలో, రెండు బల్లలు కలిపి వేసిన పక్క మీద పెట్రోనాయే పురుడు పోసింది. తల్లి క్షేమం. పిల్లకు ఈ రోజుకు పదకొండో రోజు. నిన్నటి నుంచి కళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి, పాలు సరిగా తాగడం లేదు. వానకు రోడ్డు తెగి బస్సులూ లేవు. నర్సు అవతలి గట్టున నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఇవాళే తీసుకురమ్మని అరుస్తోంది. ఏరు మా రెయినాల్దా నడుము దాకా ఉంది. ఆమె పిల్లను అగ్వాయోలో చుట్టి వీపుకు కట్టుకుంటోంది. అటూ ఇటూ పట్టుకోవడానికి ఫొర్తునాతో, ఇంకో నలుగురు తాడు కడుతున్నారు. నా మోకాలు దేనికీ పనికిరాదు కనక, నేను ఈ ముక్కలు పేపరుకు ఫోన్లో చదివి వినిపిస్తున్నాను.

అందుచేత సంబంధిత అధికారులకు విన్నపం. పుకామాయు గట్టున ఒక బ్యాక్‌ప్యాకర్ నిజంగానే చిక్కుకుపోయింది. వయసు పదకొండు రోజులు. వీపున బ్యాగు లేదు, తనే వాళ్లమ్మ వీపున ఉంది. పుట్టుక నమోదు చేసే ఆఫీసు కూడా ఏటికి అవతలే ఉంది కనక, దేశం పేరు ఇంకా రాయించలేదు. ఏ దేశమని రాయిస్తే హెలికాప్టరు వస్తుందో దయచేసి త్వరగా చెప్పండి, అదే రాయిస్తాం.