ఒక ప్యాకేజీ, అరవై ప్యాంట్లు

ఆ గురువారం ఉదయం రాయదుర్గం జీన్స్ కుట్టు సంఘం గదిలో సమావేశమైనవారు, వచ్చిన వరుసలో: కుట్టుశాల పెద్ద సుంకమ్మ, కంప్యూటరు చూసే నాజ్‌నీన్, చివరగా, ఇద్దరినీ ఆలస్యమని మందలిస్తూ, అధ్యక్షుడు కుళ్ళాయప్ప.

పదకొండు గంటలకు బెంగళూరు నుంచి కొనుగోలుదారు జయచంద్ర వస్తాడు. అరవై నమూనా ప్యాంట్లు ఆయనకు నచ్చితేనే ఆరు నెలల ఆర్డరు; లేకుంటే నలభై కుట్టుమిషన్లు ఆగిపోతాయి. వానలు లేని ఏడు గనుక పొలంలోనూ పని లేదు. ప్యాంట్లు సిద్ధంగానే ఉన్నాయి. కుళ్ళాయప్పకు నచ్చనిది సంఘం వెబ్ అప్లికేషన్ ఒక్కటే. ఆర్డర్లు చూపే ఆ పేజీ వెలవెలబోతున్నదని, అతిథి రాకముందే దానికి కళ తేవాలని ఆయన ఆదేశించాడు.

రంగులూ రూపూ ముందే అమర్చి ఉన్న ఒక సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్‌ను నాజ్‌నీన్ ప్యాకేజీగా దించుకొని, అప్లికేషన్‌కు జతచేసింది. జయచంద్ర ఆర్డరు అందరి కంటా పడాలని దానికి నిండు ఎరుపు ఎంచింది. కుట్టుశాల గోడమీది తెరపై ఆ వరుస ఎర్రగా వెలిగింది.

ఆ కుట్టుశాలలో ఎరుపుకు అర్థం ఒక్కటే. ఎర్ర సుద్దగీత పడిన కట్టకు కుట్లు విప్పాలి. కారణం అడగడం పద్ధతి కాదు. సుంకమ్మ పద్ధతి తప్పే మనిషి కాదు. పదిమందిని కూర్చోబెట్టి విప్పించసాగింది.

కుళ్ళాయప్ప వచ్చి చూసేసరికి నలభై ప్యాంట్ల కాళ్లు వేరుపడి ఉన్నాయి.

"ఎవురు విప్పమన్నారమ్మా?"

"తెరమీద ఎర్రగా పడి ఉండాది గదన్నా. నువ్వే పెట్టించినావనుకుంటి."

ఆయన నాజ్‌నీన్ దగ్గరకు పరుగెత్తి ఎరుపు తీసేయమన్నాడు. ఆమె ప్యాకేజీలోని తర్వాతి రంగు ఆకుపచ్చను పెట్టింది. ఆకుపచ్చ గీత అంటే సరుకు ఉతుకుడుకు పోవాలని. మిగిలిన ఇరవై ప్యాంట్లు ఆటో ఎక్కి వెళ్లిపోయాయి.

సరిగ్గా అప్పుడే జయచంద్ర వచ్చాడు. చూపడానికి ఒక్క ప్యాంటైనా పూర్తిగా లేదు. కుళ్ళాయప్ప అతిథికి కుర్చీ జరిపాడు. తప్పంతా తనదేనని నాజ్‌నీన్ ఒప్పుకొన్నది. సుంకమ్మ మాత్రం విప్పిన కాలు ఒకటి అతిథి చేతికిచ్చింది.

"విప్పేదానికి బ్లేడే పట్టలేదు సార్. చేత్తో లాగితే తెగుతాండాది ఈ దారం. ఇట్లాటిది మీకు అంటగట్టేది న్యాయం కాదు."

ఆ దారాన్ని స్వయంగా ఎంచినవాడు కుళ్ళాయప్ప. ఆయన కిటికీ వైపు చూశాడు. జయచంద్ర మిగిలి ఉన్న కుట్టును లాగాడు. చప్పుడు లేకుండా తెగింది. పోయిన ఏడు మరో ఊరి సరుకు అంగట్లోనే పిగిలిపోయిందని, అక్కడ ముందుగా చెప్పినవారు ఒక్కరూ లేరని ఆయన నెమ్మదిగా అన్నాడు. ఇకపై దారం సుంకమ్మే ఎంచాలన్న షరతుమీద ఆర్డరు ఖాయం చేశాడు.

సాయంత్రం సంఘం పుస్తకంలో, దారం ఎంచినవారి పేరు విడిచిపెట్టి, కుళ్ళాయప్ప స్వహస్తాలతో ఇలా రాశాడు: "ఎవరినీ అడగకుండా నలభై ప్యాంట్లు విప్పినందుకు శ్రీమతి సుంకమ్మకు సంఘం కృతజ్ఞతలు తెలుపుకొంటున్నది."