దొరసానమ్మ దుద్దులు

ఆ ఆదివారం పొద్దున్న సత్యవతి వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటి పోసుకోవాలి, నీలం చీర కట్టుకోవాలి, చెవులకు దుద్దులు పెట్టుకుని నౌపడ చర్చిలో ముందు వరసలో కూర్చోవాలి. ముప్పై దాటిన మనిషికి ఇదేం కోరికా అనకండి. ఆవిడ తండ్రి సువార్త చెప్పుకుంటూ ఊళ్లు తిరిగినాయన. నగలంటే కిట్టక కూతురి చెవులు కుట్టనివ్వలేదు. ఎవరింట పెళ్లికి వెళ్లినా "బోసి చెవుల సత్యవతి" అని గుర్తు చెప్పుకునేవారు. పైకి నవ్వేది గానీ, ఆ మాట వింటే ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

మిషను ఆస్పత్రి దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ, ఇన్నాళ్లూ వండిపెట్టిన సత్యవతికి తన తల్లినాటి తెల్లరాళ్ల దుద్దుల జత ఇచ్చింది. వాటికి చెవిలో దూర్చే కాడ లేదు. వెనక చిన్న మర ఉంది. బిగిస్తే చెవి తమ్మెను పట్టుకుంటుంది. చెవి కుట్టక్కర్లేదు! సత్యవతికి ప్రాణం లేచొచ్చింది.

అద్దం ముందు నిలబడి ఒక చెవికి తగిలించిందో లేదో, కిటికీలో ఎండకు రాయి తళుక్కుమంది. ఉప్పు కొఠార్లో గుమాస్తాగిరీ చేసే ఆవిడ భర్త కృపానిధి, గడ్డం గీసుకుంటున్నవాడు, సగం నురగతోనే పరిగెత్తుకొచ్చాడు.

"తియ్యి! ముందు తియ్యి! అది వజ్రమే!"

"గాజు పెంకండీ."

"దొరసాని గాజు పెట్టుకుంటాదేటే? ఇలాటివి పెట్టుకుని రోడ్డెక్కితే సెవులు కోసుకుపోతారు. ఖరీదు తేలినదాకా పెట్లో ఉంటాయి."

పెట్టెకు తాళం పడింది. తాళంచెవి ఆయన మొలతాడుకెక్కింది. లోకంలో ఆడవాళ్లందరూ తమ నగలు అసలువని వాదిస్తారు. సత్యవతి మాత్రం తనవి నకిలీవని రుజువు చేయడానికి కొంగు బిగించింది. నకిలీవైతేనే కదా పెట్టుకోనిస్తాడు!

బతిమాలి పెట్టె తీయించి, దుద్దులు వెలుతురుకు పెట్టి చూపించింది.

"ఇటు సూడండి. రాయెనకాల వెండి కాయితం. నిజం రాయికి కాయితమెందుకూ?"

"మెరుపు పోకండా ఏసుంటారు. దొరల తెలివి."

"రాయిని పట్టుకునే కొక్కేలు నేవు. జిగురుతో అంటించీసేరు."

"ఊడిపోకండా!"

"అంచున పూత పోయి లోపల ఎర్రగా అగుపిస్తన్నాది కాదేటి?"

"ఆళ్ల బంగారం ఎరుపే."

ఇక ఇలా కాదని కంసాలి కూర్మయ్య దగ్గరకు లాక్కుపోయింది. కూర్మయ్య గీటురాయి తీసి, దుద్దు దాని మీద పెట్టబోయాడు. కృపానిధి చటుక్కున లాక్కున్నాడు.

"దొరసాని బంగారాన్ని రాతికేసి రుద్దుతావేటి!"

కూర్మయ్యకు కోపమొచ్చింది. "గీకకండా ఎలగ సెప్తాను బావూ? అంత గొప్పదైతే ఎవులికీ సూపించకండా దాసుకోండి."

అంతే. దాచుకోవలసినంత గొప్ప దుద్దులని కూర్మయ్యే చెప్పాడని ఊళ్లో పొక్కిపోయింది. పక్కింటి అసిరమ్మ వచ్చి, బంగారం మీద కొత్త చట్టమొచ్చిందనీ, లెక్క చెప్పకుండా దాస్తే ఆఫీసర్లు వచ్చి ఇల్లు తవ్వుతారనీ చెప్పి మరీ వెళ్లింది. కృపానిధి ఆ రాత్రే పెట్టె తెరిచాడు. పెట్టె అయితే ఎవరైనా తెరుస్తారని, భార్యకు కూడా చెప్పకుండా దుద్దులను వంటింటి అటక మీది ఉప్పు జాడీలో పాతిపెట్టాడు. ఉప్పులో వేసిన సరుకు చెడదని ఆ గుమాస్తా నమ్మకం.

ముసురు పట్టింది. జాడీలో ఉప్పు చెమర్చింది. వాడుకునే ఉప్పు నిండుకున్న రోజున సత్యవతి అటకెక్కి ఆ జాడీ దింపింది. గరిటె ముంచితే, పచ్చగా చిలుము పట్టిన దుద్దులు పైకి తేలాయి.

"ఏవండీ! రండి! బంగారానికి సిలుం పడతాదా?" అని ఆవిడ వేసిన కేక పండగ కేకలా ఉంది.

కృపానిధి దుద్దును పంచెకు రుద్ది చూస్తే పచ్చ మరక అంటింది. "అయితే మరీ పెట్టుకోకు. గిల్టని తెలిస్తే ఊరంతా నవ్వుతాది," అన్నాడు.

సత్యవతి గరిటె విసిరికొట్టింది. "వజ్రమైతే దొంగలన్నారు. గిల్టైతే జనమంటన్నారు. నా బోసి సెవులు సూసి ఇన్నేళ్లూ నవ్వినోళ్లు మీకు జనం కాదేటి? ఆదివారం పెట్టుకుంటాను. ఎవులడ్డొస్తారో సూస్తాను!"

చింతపండు పెట్టి తోమింది, తుడిచింది, పెట్టుకుంది. ముందు వరసలో తలెత్తి కూర్చుంది. మొదటి కీర్తన అయ్యేసరికి తమ్మెలు సలపడం మొదలైంది. వాక్యం చదివేసరికి ఆ రెండు మరలూ ఎండ్రకాయల్లా పట్టేశాయి. ఇప్పుడు తీస్తే ఇంకేమన్నా ఉందా? పళ్లు బిగించి కూర్చుంది. కళ్ల నుంచి ధారలు కారుతున్నాయి. అది చూసి పాస్టరుగారు, ఒక సహోదరి హృదయం కరిగిందని సంతోషించి ప్రార్థన ఇంకా పొడిగించారు.

బయటికి రాగానే ఆడవాళ్లు మూగారు.

"అసలువేనా సత్తెమ్మా?"

"గిల్టు. పచ్చి గిల్టు!"

"అలగే సెప్పాల తల్లీ, సట్టం అలగున్నాది," అని అందరూ కన్నుగీటారు. ఆ మాటలు కృపానిధి చెవిన పడ్డాయి. వంగిన మెడ లేచింది. ఇంటికి చేరగానే భార్య ముందు చెయ్యి చాపాడు.

"సూసావా? ఊరంతా వజ్రాలనే అంటన్నాది. ఇంక పెట్టుకోకు. ఇటియ్యి, దాసేస్తాను."

ఎర్రగా ఉబ్బిన చెవుల నుంచి దుద్దులు ఊడబీకి, సత్యవతి ఆయన చేతిలో పెట్టింది. "దాసీండి. నానడిగినా ఇవ్వకండి."

పెళ్లయిన ఇన్నేళ్లకు భార్య ఎదురు చెప్పకుండా తన మాట విన్నందుకు కృపానిధి మోకాళ్లూని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.