ఆగిన చోటి కాగితం

కొత్తరేవు పట్టణంలో ఎవరికి ఏ కాగితం కావాలో ఆ మనిషికి తోచకముందే పురపాలక కార్యాలయం వాళ్లు తయారుచేసి ఉంచుతారు. ఈ పద్ధతి వచ్చి మూడేళ్లయింది, ఇప్పుడు దాన్ని వింతగా చెప్పుకునేవాళ్లు కూడా లేరు. మనిషి ఏదైనా గుమ్మం ముందు కాసేపు ఆగితే చాలు, ఆ గుమ్మానికి సంబంధించిన కాగితం సిద్ధమైపోతుంది. ఆగడమంటే కావాలనుకోవడమేనని కార్యాలయం నమ్మకం. జనం సుఖపడ్డారనే చెప్పాలి. పెళ్లిచూపులకు వెళ్లినవాడు చెప్పులు విడిచేలోపే వివాహ ధ్రువపత్రం వచ్చేసేది. ఆసుపత్రి మెట్ల మీద ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్న ఒక పెద్దాయన ఇల్లు చేరేసరికి ఆయన మరణ ధ్రువపత్రం అరుగు మీద ఉంది. ఎప్పటికైనా పనికొచ్చేదేగా అని ఆయన దాన్ని ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు.

కార్యాలయానికి మూడు కిటికీలు. మొదటిది మనిషి ఆగీ ఆగకముందే కాగితం తయారుచేస్తుంది. రెండోది ఆ మనిషి తలుపు మీద చెయ్యి వేసేదాకా ఓపిక పడుతుంది. మూడోది పాతకాలపుది. అడిగిన కాగితమే ఇస్తుంది గానీ, అడిగాకే వెతకడం మొదలుపెడుతుంది, అందుకు నలభై రోజులు. ఏ ఇంటికి ఏ కిటికీ అన్నది రేషన్ కార్డు ఇచ్చిన రోజే రాసేశారు. సత్యవేణి వాళ్లది మొదటి కిటికీ.

సత్యవేణికి ఇరవై ఎనిమిదేళ్లు. ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసింది. కూతురు పల్లవి ఐదు పూర్తిచేసింది. ఆరులో చేర్పించడానికి శనివారం ఆఖరు. కూతురికి తన గతి పట్టకూడదన్న బెంగ తప్ప ఆమెకు వేరే ఆలోచన లేదు. సోమవారం పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లింది. గుమాస్తా ఆదిశేషు పేరు అడక్కుండానే రెండు కాగితాలు బయటికి తోశాడు. ఒకటి పల్లవి చదువు మానేసినట్టు ధ్రువపత్రం. రెండోది కుట్టు శిక్షణ కేంద్రంలో పల్లవికి సీటు.

"ఇదేంటండీ? మా పిల్ల బడి మానలేదండి."

"మానుతుంది కదమ్మా."

"ఎవరు చెప్పారండి మీకు?"

"మీరే. రెండు నెలలుగా రోజూ పిల్లని తీసుకొచ్చి కుట్టు కేంద్రం గుమ్మం ముందు ఏడేసి నిమిషాలు నిలబడుతున్నారు."

"అక్కడ నీడుంటదండి. ఆటో కోసం నిలబడతాం, అంతే."

ఆదిశేషు రిజిస్టరు తిరగేసి చూశాడు. "నీడ అని గడి లేదమ్మా ఇందులో. పైగా మీ అమ్మగారు ఐదులో మానేశారు, మీరు ఎనిమిదిలో. ఆ దారి బాగా నలిగి ఉంది. నలిగిన దారిలో కాగితం తొందరగా వచ్చేస్తుంది."

మనిషి మంచివాడే. ఆమె కళ్లలో నీళ్లు చూసి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యండి. మీకు కావాల్సిన గుమ్మం ముందు నిలబడండి. కొత్త కాగితం వస్తే పాతది దానంతటదే పోతుంది."

మంగళవారం నుంచి సత్యవేణి హైస్కూలు గేటు ముందు నిలబడింది, పిల్లతో సహా. పొద్దున గంట కొట్టినప్పటి నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా. ఎదురుగా వేరుశనగకాయల బండి ఉంటే పల్లవి తల పట్టుకుని ఇటు తిప్పింది.

"అటు చూడకే. ఆ బండి మన పేరున వచ్చేస్తది."

"వాసన వస్తందమ్మా."

"వాసన కూడా పీల్చకు."

పక్కింటి మంగతాయారు కూరల సంచితో పోతూ ఆగబోయి, ఆగితే తనకేం కాగితం వస్తుందోనని అక్కడక్కడే అడుగులు వేస్తూ పలకరించింది. "ఏవే వేణీ, గేటుకి నిన్ను కాపలా పెట్టారా ఏంటి?"

"పిల్ల చదువు కోసం అక్కా."

"నీ తస్సాదియ్యా! చదువుకునేవాళ్లు లోపలుంటారే, బయట కాదు," అని నవ్వుకుంటూ పోయింది.

ఊరికే నిలబడడం సత్యవేణికి ఏనాడూ చేతకాదు. పనీపాటా లేకుండా గుడ్లప్పగించి చూస్తోందని ఎవరైనా అనుకుంటారేమోనని బుధవారం ఒక చీపురు తెచ్చి గేటు ముందు ఆకులు ఊడ్చింది. పల్లవి చెత్త ఎత్తింది. గురువారం నీళ్లు చల్లారు. శుక్రవారం ఆరో తరగతి పిల్ల ఒకత్తె పడి మోకాలు చెక్కుకుంటే పల్లవే కడిగి లోపలికి నడిపించింది. గేటు దాటిన కూతుర్ని చూసి సత్యవేణి గుండె నిండిపోయింది. ఇంక కాగితం ఖాయమనుకుంది.

శనివారం ఆదిశేషు నవ్వు ముఖంతో కనిపించాడు. "చూశారా, బడే వచ్చింది!"

కాగితం పల్లవి పేరునే ఉంది. హైస్కూల్లో ఆయా. వయసు నిండేదాకా శిక్షణ. సోమవారం నుంచి హాజరు కావాలి.

సత్యవేణి కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. "మరి ఆరో తరగతి కాగితం అండీ?"

"అది మూడో కిటికీ అమ్మా, నలభై రోజులు. ఇది వద్దంటే వెనక్కి పంపేస్తాను, నాదేం పోయింది? కాకపోతే ఆ గడి ఖాళీగా ఉంచరు. కుట్టు కేంద్రం మళ్లీ వచ్చి కూర్చుంటుంది."

వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు. "చేతికొచ్చింది వద్దనుకుంటారేంటమ్మా? తీసుకుని జరగండి, మాకూ పనులున్నాయి."

అది కూడా నిజమేననిపించింది సత్యవేణికి. తన అమ్మకు అయిదో తరగతి గడప దాటే రాత లేదు. తను దాటింది గానీ నిలబడలేదు. ఈ పిల్లకు ముసలితనం వచ్చేదాకా బడిలోనే ఉండమని సర్కారే రాసిచ్చింది. మరీ నెమ్మదిగా, ఒక్కో అక్షరం దిద్దుతూ సంతకం పెట్టింది.

ఇంటికి పోతూ ఇద్దరూ ఎక్కడా ఆగలేదు. చాలాదూరం వెళ్లాక పల్లవి అడిగింది. "అమ్మా, సోమారం నేను ఏ క్లాసులో కూర్చోవాలి?"

సత్యవేణి నడక ఆపకుండానే పిల్ల జడ సర్దింది.

"మిగతా పిల్లలకి ఒక్క క్లాసేనే," అంది. "నువ్వు అన్ని క్లాసుల్లోకీ వెళ్తావు."