ఏడో తీర్మానంలో ఒక క్రియాపదం

ఆసియా ఖండంలోని అడవులన్నీ ఇకమీదట క్షేమంగా ఉంటాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. సుస్థిర అటవీ నిర్వహణలో పరస్పర సహకారం కోసం పదకొండు దేశాల ప్రతినిధులు మా ఊళ్లో ఐదు రోజులు కూర్చుని ఈ మేరకు నిర్ణయించారు. ఆ సభకు మినిట్స్ రాసిన గుమాస్తాను నేనే కాబట్టి ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పితం కాదని పాఠకులు నమ్మవచ్చు.

సభ జరిగిన హాలుకు నేల నుంచి కప్పు దాకా టేకు చెక్క తాపడం చేశారు. అడవి మధ్యలో కూర్చున్నట్టే ఉందని అతిథులు మెచ్చుకున్నారు. మొదటి రోజు మొక్కలు నాటే కార్యక్రమం. గొయ్యి ఒకటే, మొక్కా ఒకటే. ఒక దేశంవారు నాటి, ఫొటో దిగి, పక్కకు తప్పుకోగానే తోటమాలి దాన్ని పీకి తరువాతి దేశంవారి చేతిలో పెట్టాడు. సాయంత్రానికల్లా పదకొండు మొక్కలు నాటినట్టు నమోదైంది.

తరువాతి మూడు రోజులూ అసలు అడవి అంటే ఏమిటన్న చర్చ నడిచింది. చెట్లుండాలని ఒకరు పట్టుబట్టారు. అది మరీ పాతకాలపు ఆలోచన అని ఇంకొకరు విసుక్కున్నారు. చివరికి "చెట్లు ఉన్న, ఉండబోయే, లేదా ఉండి ఉండవలసిన స్థలం" అన్న నిర్వచనం చప్పట్ల మధ్య ఖాయమైంది. ఆ విధంగా మా ఆఫీసు సైకిల్ స్టాండు కూడా అడవుల్లో చేరింది.

ఐదో రోజున క్షేత్రస్థాయి గొంతు వినాలట. అందుకని ఊరి వెనక కొండవాలుకు కాపలా ఉండే వాచర్‌ను పిలిపించారు. ఇరవై రెండేళ్లుగా ఆయనా, ఆయన భార్యా బిందెలతో నీళ్లు మోసి ఆ బోడి వాలు మీద నాలుగువందల పన్నెండు చెట్లు పెంచారు. సరిగ్గా అక్కడే సహకార భవనం కట్టాలని పైవారి సంకల్పం. చెట్లకు అప్పుడే ఎర్ర రంగుతో నంబర్లు కూడా వేశారు.

"అయ్యా, నాకు మాట్లాడ్డం రాదు," అన్నాడు వాచర్ మైకుకు దూరంగా నిలబడి. "ఆ చెట్లు తీసేస్తే వానలకి కొండ మట్టంతా ఊరి మీదకొస్తుంది. భవనం ఇంకోచోట కట్టుకోండి. మా ఆవిడ ఒక్కో చెట్టునీ పేరు పెట్టి పిలుస్తుందండీ. ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లమంటారు?"

దుభాషి అనువదించగానే హాలు కదిలిపోయింది. అబద్ధమెందుకు, నేనూ కదిలిపోయాను. మా ఊరివారే అయిన అధ్యక్షులవారు అక్కడికక్కడే ఏడో తీర్మానం చెప్పి రాయించారు: "కొండవాలు మీది చెట్లను ఎట్టి పరిస్థితుల్లోనూ నరకరాదు." వాచర్ చేతులు జోడించి, ఆ కబురు చెప్పడానికి ఇంటికి పరుగు తీశాడు.

ఒక్క నిమిషం ఆగవలసింది. "ఎట్టి పరిస్థితుల్లోనూ" అన్న మాట కాస్త కటువుగా ఉందని, దుభాషి అనువాదం విన్న ఒక ప్రతినిధి లేచారు. అప్పటికి భోజనాల వేళ దాటింది. అధ్యక్షులవారు గడియారం చూసి, "సరే, కొట్టెయ్యండి" అన్నారు.

ఆయన కొట్టెయ్యమన్నది మాటను. ఆ సంగతి నాకు తెలుసు, మీకూ తెలుసు. కానీ పెద్దలు అన్నది అన్నట్టు రాయడం మా ఆఫీసు నియమం. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో సొంత తెలివి వాడినట్టు నా మీద ఒక్క మచ్చ లేదు. కనుక ఇలా రాశాను: "తీర్మానం 7. విషయం: కొండవాలు మీది చెట్లు. అధ్యక్షులవారి ఆదేశం: కొట్టెయ్యండి." తమకు రాని భాష కావడంతో ప్రతినిధులు ఏ అభ్యంతరమూ లేకుండా సంతకాలు పెట్టారు. అధ్యక్షులవారికి భాష వచ్చు గానీ తీరిక లేదు.

నెల తిరిగేసరికి మెషిన్లు వచ్చాయి. రెండు రోజుల్లో వాలు నున్నబడింది. నిర్వచనం ప్రకారం అది ఇప్పటికీ అడవే కాబట్టి ఖండం మొత్తం మీద ఒక్క ఎకరం కూడా తగ్గలేదు. వాచర్ ఉద్యోగమూ పోలేదు.

మూడో రోజున ఆయన నా బల్ల ముందు నిలబడ్డాడు.

"మీరక్కడే ఉన్నారుగా సార్. మీరు విన్నారుగా."

"విన్నదే రాశానయ్యా."

"ఊళ్లో ఎవరూ అడగలేదా సార్?"

అరిచి ఉంటే బాగుండేది. ఆయన అరవలేదు. నాకు సిగ్గేసింది. అభ్యంతరాల పుస్తకం తీసి చూపించాను. చెట్లు కొట్టేముందు మినిట్స్ ప్రతిని ముప్ఫై రోజులపాటు ఆఫీసు బయటి గోడకు అంటించాం. కింద ఈ పుస్తకమూ, దారంతో కట్టిన పెన్నూ పెట్టాం. ఈ ఊరి పాఠకులు మీరంతా బస్సు కోసం నిలబడేది ఆ గోడ పక్కనే. చాలామంది చదివారు. కొందరు ఆ క్రియాపదం చూసి పగలబడి నవ్వి, ఫొటో తీసి బావమరుదులకు పంపారు. ముప్ఫయ్యో రోజు సాయంత్రం నేను తెల్ల పేజీ మీద "అభ్యంతరాలు: లేవు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ వాక్యంలో మాత్రం నా పొరపాటేమీ లేదు.