చెరకు తోటలో ఏకాంతం

ఆ మంగళవారం ఉదయం గంగాభవాని రెండు అబద్ధాలు సిద్ధం చేసుకుంది. రొమ్ము ఆపరేషన్ అయి ఏడాది దాటింది. ఇప్పుడు జన్యు పరీక్ష చేయించుకోమన్నారు విశాఖ డాక్టర్లు. ఆ పరీక్ష ఏమిటో, దానివల్ల ఏం తెలుస్తుందో ముందే వివరిస్తామనీ, వీడియో చూస్తారో, ఫోన్లో వింటారో, ఎదురుగా కూర్చుని మాట్లాడతారో మీ ఇష్టమనీ అన్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో 'మీ ఇష్టం' అన్న మాట విని ఎరగని గంగాభవాని, ఎగిరి గంతేసి ఫోను కోరుకుంది. పది గంటలకు, తానొక్కతే. ఆమె అడగదలచుకున్న ప్రశ్న ఒక్కటే. అది కూతురు హిమబిందు చెవిన పడకూడదు.

ఆ ఇంట్లో రహస్యం మాట్లాడటం అయ్యే పని కాదు. బుచ్చయ్యపేట దారిలో ఉన్న తమ చెరకు తోట గట్టే దిక్కు. భర్త జగ్గయ్యతో వడ్డాది బజారుకని చెప్పింది. అదే మాట పక్కింట్లోనే ఉండే సొంత అక్క నరసమ్మతో అంటే సంచీ పట్టుకుని బయల్దేరుతుంది. అందుకని ఆమెకు కె.కోటపాడు అని చెప్పింది. అక్కడ నరసమ్మ వియ్యపురాలుంది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

పదింబావుకు నరసమ్మ గుమ్మంలోకొచ్చి, "ఏటి బాబూ, సెల్లి కోటపాడెల్తే నువ్వు తోడెల్లలేదా?" అంది.

జగ్గయ్య టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఫోన్ చేస్తే బిజీ. అరగంటైనా బిజీ. నరసమ్మ ఆరేళ్ల పంతం పక్కనపెట్టి వియ్యపురాలికి ఫోన్ చేసింది. అక్కడికీ రాలేదట. ఎదురింటి చిన్నతల్లి, గంగాభవాని బుచ్చయ్యపేట ఆటో ఎక్కడం చూశానంది. ఆ కబురు నాలుగిళ్లు దాటేసరికి గంగాభవాని ఏడుస్తూ ఆటో ఎక్కింది. బడిలో పాఠం చెబుతున్న హిమబిందుకు అందేసరికి మందులు మానేసి, ఇల్లొదిలి వెళ్లిపోయింది. హిమబిందు ఫోన్లో మ్యాపు తెరిచి తల్లి ఎక్కడుందో చూసుకుని స్కూటీ తీసింది. వెనక రెండు ఆటోల్లో జగ్గయ్య, నరసమ్మ, వీధి జనం.

గట్టు మీద గంగాభవాని అటు తిరిగి కూర్చుని ఉంది. చెయ్యి నొప్పెట్టి, ఫోను ఒళ్లో పెట్టుకుని స్పీకరు నొక్కింది.

"నా గుంట హిమబిందుకీ వచ్చుద్దా అమ్మా? వస్తే నాను ఇచ్చినట్టే గదా. దానికి మాత్రం సెప్పకండి."

అవతల కౌన్సెలర్ రేవతి ఓపిగ్గా చెబుతోంది. జన్యువులో తేడా ఉంటే పిల్లకు రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా జబ్బు వచ్చి తీరాలని లేదు. ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. అందులో ఎవరి తప్పూ లేదు.

"అమ్మా," అంది వెనక నుంచి హిమబిందు. "ఆ వీడియో నేను మొన్నే సూసేసేను. నీ మందుల సంచిలో దాని లింకున్న కాగితం దొరికింది. బెంగెట్టుకుంటావని సెప్పలేదు."

గంగాభవాని కూతుర్ని దగ్గరకు లాక్కుని, ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చేసింది. రేవతి ఫోన్లోంచే, పుట్టింటి వైపు ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా అని అడిగింది. గంగాభవాని లేదనబోయింది.

నరసమ్మ గొంతు సవరించుకుంది. "మన సిన్న మేనత్తకొచ్చిందే. ఎవులికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది."

ఇన్నాళ్లుగా ఎవరికి వారు దాచిపెట్టింది ఒకే సంగతని తెలిసి జగ్గయ్యకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. రేవతి మాత్రం ఇది చాలా అవసరమైన సంగతని చెప్పి, మేనత్త వివరాలన్నీ అడిగి తెలుసుకుంది. తర్వాత తన రికార్డులో, గంగాభవాని కోరుకున్నట్టే, 'ఫోన్లో, ఏకాంతంగా' అని రాసుకుంది.

గట్టు మీద అప్పటికి పదకొండు మంది ఉన్నారు.