పిగిలిపిట్ట జవాబు

తెల్లవారగానే సముద్రపు ఒడ్డు తుప్పల్లోకి వెళ్లాలి, పిగిలిపిట్టను ఫొటో తీయాలి, ఆఫీసు వేళకి తిరిగి రావాలి. బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం ఇంతే. పిగిలిపిట్ట అంత అరుదైనదేమీ కాదు, కరెంటు తీగ మీద కూడా కనిపిస్తుంది. కానీ పక్షి ప్రేమికుల సంఘం క్యాలెండరుకి ఫొటోలు పంపడానికి అదే ఆఖరి రోజు. ఈసారి కూడా తాను తీసిన ఫొటో ఎక్కకపోతే కెమెరా బావమరిదికి ఇచ్చేస్తానని ఆయన అత్తవారింట్లో అందరి ముందూ నోరు జారాడు.

పళ్ల డాక్టరైన ఆ బావమరిది ఫొటో ఏటా క్యాలెండరుకి ఎక్కుతుంది. ఇందులో ఏదో మతలబు ఉందని ఇన్‌స్పెక్టరు అనుమానం. ఆయనకి అనుమానం రానిదెక్కడ? ఇంట్లో పాలు విరిగినా ఎవరి పనో చెప్పమని నిలదీస్తాడు.

తుప్పల దగ్గర ఇసుకలో బూటు గుర్తులు కనిపించాయి. "వచ్చాడన్నమాట దొంగ!" అని పళ్లు నూరాడు. ఒంటినిండా కొమ్మలు కట్టుకుని, పొదలో నక్కి, ఫోనులో పిగిలిపిట్ట కూత పెట్టాడు. తోటిపిట్ట కూసిందనుకుని అసలు పిట్ట దగ్గరికొస్తుందని ఆశ. అవతలి పొదలోంచి వెంటనే జవాబు వచ్చింది! ఆయన ప్రాణం లేచొచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జవాబు, ఈసారి ఇంకా దగ్గర్నుంచి. మోచేతులు గీరుకుపోతున్నా, చొక్కా సగం ముళ్లకి సమర్పించుకుని పాకుతూ వెళ్లాడు. కొమ్మ పక్కకి తోసి కెమెరా ఎక్కుపెడితే, ఎదురుగా ఇంకో కెమెరా.

"బావా! ఇందాకట్నుంచి కూస్తున్నది నువ్వా?"

"నా పిట్టను ఎగరగొట్టడానికే వచ్చావు కదూ?"

"ఏ పిట్ట బావా? పొద్దున్నుంచీ మనమిద్దరమే కూసుకుంటున్నాం."

"దొరికారు!" అంటూ వెనకనుంచి భార్య గొంతు వినిపించింది. "ముళ్లపొదల్లోకి పోయే మనిషికి తల దువ్వుకోవడమెందుకా, ఎవత్తె కోసమో అని వెంట వచ్చా. సాక్ష్యానికి ఫొటోలు కూడా తీశా. తీరా చూస్తే మా తమ్ముడా!"

ఇన్‌స్పెక్టరు ఆమె ఫోను లాక్కుని చూశాడు. పాకుతున్న తను నెత్తికి కట్టుకున్న కొమ్మపై, నల్లటి తల, తోక కింద ఎర్రమచ్చతో పిగిలిపిట్ట దర్జాగా కూర్చుని ఉంది. ఆయనకి ఏడుపొక్కటే తక్కువ.

"నా నెత్తి మీద వాలింది కాబట్టి అది నా ఫొటో!"

"తీసింది నేను," అంది భార్య.

క్యాలెండరుకి ఆ ఫొటోయే ఎక్కింది. ఓడినవాళ్లకి కెమెరాలెందుకని ఆవిడ రెండూ పుచ్చుకుంది. ఫొటో కింద సంఘం వాళ్లు ఆమె పేరు వేసి, "ఎండిన పొద మీద పిగిలిపిట్ట" అని రాశారు.