ఎర్ర కాగితం పీకేసిన కేకు ఉండలు

క్రిస్మస్ ముందురోజు పొద్దున్నించీ కృప కాలు ఒకచోట నిలవడం లేదు. గద్వాలలో ఆ వీధికి కాపురం వచ్చి ఏడాదైనా, పక్కింటి ఎంకమ్మ కృప వాళ్లింట మంచినీళ్లు కూడా ముట్టలేదు. గుడ్లు ఉడికే ఇల్లని ఆవిడకు పట్టింపు. అలాంటి మనిషి నిన్న గోడ మీదినుంచి, "గుడ్డెయ్యకుంటే నాకు గూడ జర పంపు బిడ్డా" అంది. కృపకు ఏనుగెక్కినంత సంబరమైంది. కొత్త గిన్నె కొని మరీ గుడ్డు లేని కేకు విడిగా చేసింది.

రెండు కేకులనూ వేరువేరుగా పొడిచేసి, ఉండలు చుట్టి, తెల్ల చాక్లెట్‌లో ముంచి, పైన చక్కెర నక్షత్రాలు అద్దింది. ఆరాక రెండు రకాలూ కవలల్లా ఉన్నాయి. అందుకని గుడ్డు లేనివాటికి తలా ఒక ఎర్ర కాగితం గుచ్చి స్నానానికి వెళ్లింది.

వచ్చేసరికి ఉండలన్నీ ఒకే తాంబాళంలో కలిసిపోయి ఉన్నాయి. అన్నిటి మీదా కొబ్బరి పొడి. ఒక్క కాగితమూ లేదు.

"అత్తా, కాగితాలేవి?"

"పీకేసిన. పని ఒడిసినంక కాగితం ఉంచుతరా ఎవరన్న?" అంది అత్త మణెమ్మ.

మణెమ్మ జీవితమంతా విత్తనాల కోసం పెంచే సీడు పత్తి చేలల్లో గడిచింది. అక్కడ సాయంత్రం ఒలిచిన మొగ్గకు ఎర్ర కాగితం తొడుగుతారు. పొద్దున పుప్పొడి రుద్ది కాగితం తీసేస్తారు. కాగితం ఉందంటే పని మిగిలిందనే లెక్క. పాపం, కోడలికి సాయం చేద్దామని అన్నిటికీ కొబ్బరి పొడి రుద్దేసింది.

"సాంసన్‌తోని ఎంకమ్మకు గూడ పల్లెం పంపిన" అంది గర్వంగా.

మొగుడు సాంసన్‌ను తిట్టుకునే తీరిక కూడా లేక కృప పక్కింటికి పరుగెత్తింది.

"తిన్న బిడ్డా, తిన్న! నోట్లెయ్యంగనే కరిగినయి" అంది ఎంకమ్మ గుమ్మంలోనే.

గుడ్డు మాట చెప్పే ధైర్యం చాలక, కృప "పాలు ఇరిగినయేమో అమ్మా... కడుపుల తిప్పుతలేదు గద?" అంది.

ఎంకమ్మ మొహం పాలిపోయింది. చెప్పుల్లేకుండానే వీధిలోకి ఉరికింది. "దవాఖాన అటు దిక్కు లేదమ్మా!" అంటూ కృప వెంటపడింది. ఎంకమ్మ ఆగింది చీరలు నేసే అజీజున్నీసా ఇంటి ముందు. తలుపుకు తాళం. వెనక్కి తిరిగితే, పల్లెం పట్టుకుని కృప ఇంట్లోకే వెళ్తోంది అజీజున్నీసా. ఇద్దరూ మళ్లీ ఉరికారు.

"ఎంకమ్మ ఇచ్చింది. మా ఇంట్ల అందరికీ షుగరే. నువ్వన్న తింటవని తెచ్చిన" అంటోంది అజీజున్నీసా మణెమ్మతో. మణెమ్మ అప్పుడే ఒక ఉండ నోటి దాకా తెచ్చింది. ఏడాదిగా ఆ గడప తొక్కని ఎంకమ్మ ఒక్క ఉదుటున లోపలికొచ్చి, "తినకు! పాలు ఇరిగినయంట!" అని లాక్కుంది.

పల్లెం నిండుగా ఉంది.

"తిన్నరంటిరి గదమ్మా?" అంది కృప.

"గుడ్డు పడిందేమోనని బుగులైంది బిడ్డా. అంత ఆశతోని పంపితివి, మొఖం మీద ఎట్ల చెప్త?"

"పాలు ఇరగలే. గుడ్డే కలిసింది" అని కృప బావురుమంది.

ఎంకమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కృప కళ్లు తుడుచుకుని, "కూసో అమ్మా, చాయన్న తాగు" అని బతిమాలింది. ఎంకమ్మ కాదనలేదు.

సాయానికి లేవబోయిన అత్తను కూర్చోబెట్టి, ఎందుకైనా మంచిదని కృప వంటింట్లోకి నడిచి, నలుగురికీ చాయ్ తానే కాచింది.